పొద్దున్న పూటే చెయ్యి ఎందుకు ఎగిరేది

పదో తరగతి నుంచీ మా ఇంట్లో నాకున్న పేరు 'చేతుల్లో పట్టులేని గుంట'. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుంటే అది ఎగిరిపోయేది. జారిపోవడం కాదు, ఎగిరిపోవడమే. భుజం దగ్గర కరెంటు షాక్ కొట్టినట్టు అయ్యి చెయ్యి ఒక్కసారి పైకి లేచేది. టీ గోడ మీదో, చెల్లి యూనిఫాం మీదో పడేది. దువ్వెన, టూత్ బ్రష్షు, ఇడ్లీ ప్లేటు, అన్నిటికీ ఇదే గతి. అంతా అర సెకను. స్పృహ పోదు, నొప్పి ఉండదు, అమ్మ తిట్లు మాత్రం స్పష్టంగా వినపడేవి. "ఏటే, ఏ లోకంలో ఉన్నావు?" ఎనిమిదిన్నర దాటితే ఇంక ఏమీ ఉండేది కాదు. బళ్ళో నా చేతిరాత బాగుండేది, సంక్రాంతికి వీధిలో అందరికంటే పెద్ద ముగ్గు నేనే పెట్టేదాన్ని. అందుకే అదొక జబ్బు అయ్యుంటుందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

మాది కూర్మన్నపాలెం. నాన్న పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ ప్రొడక్షన్‌లో ఆపరేటర్, షిఫ్టు డ్యూటీలు. అమ్మది నరసన్నపేట వైపు. నేను ఇంటర్ ఎంపీసీలో చేరిన కాలేజీ గాజువాక దగ్గర, సెమీ రెసిడెన్షియల్. అంటే ఇంట్లో పడుకోవచ్చు గానీ ఇంట్లో ఉండటానికి లేదు. రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టడీ అవర్, ఇంటికొచ్చి తిని మళ్ళీ పుస్తకం ముందు కూర్చుంటే పన్నెండు. తెల్లారి నాలుగున్నరకి అలారం. మా బ్యాచ్‌లో అందరిదీ ఇదే బతుకు. ఆంధ్రాలో ఇంటర్ చదివినవాళ్ళకి దీని గురించి విడిగా చెప్పక్కర్లేదు. ఆ ఏడాది చెయ్యి ఎగరడం బాగా ఎక్కువైంది. ఒక్కోసారి రెండు చేతులూ కలిసి ఎగిరేవి, మోకాళ్ళు మడతపడి కూలబడేదాన్ని.

2014లో శివరాత్రి ఫిబ్రవరి 27న వచ్చింది. మార్చిలో ఫస్టియర్ పబ్లిక్ పరీక్షలు. అప్పికొండ మాకు దగ్గరే. సముద్రం ఒడ్డున సోమేశ్వరస్వామి గుడి, శివరాత్రికి అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. చిన్నప్పటి నుంచీ వెళ్తున్నదే. పరీక్షలు గట్టెక్కాలని ఆ ఏడు జాగరం నేను కూడా నిజంగానే చేశాను, మధ్యలో ఒక్క కునుకు లేదు. తెల్లారి సముద్రస్నానం చేసి ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాం. చేతులు ఎగరడం మొదలైంది, ఆగలేదు, ఒకదాని వెంట ఒకటి. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది మళ్ళీ గదిలో చాప మీద, నాలుక పక్కన కోసుకుపోయి, ఒళ్ళంతా రోకళ్ళతో దంచినంత నొప్పి, కుడి గుప్పిట్లో ఎదురింటివాళ్ళ బీరువా తాళాల గుత్తి.

తాళాలు పెట్టిన వాళ్ళు మంచి మనసుతోనే పెట్టారు. ఇంకొకరు ఉల్లిపాయ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెట్టారట. వేరొకాయన పళ్ళ మధ్య చెంచా దూర్చబోతే నాన్న ఆపారు. ఫిట్స్ వస్తే మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిదేదైనా పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మామూలుగా అది ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తనే ఆగిపోతుంది. ఆగేసరికి చేతిలో తాళాలుంటే తాళాల వల్ల ఆగిందనుకుంటాం. మా వీధిలో ఇప్పటికీ ఆ క్రెడిట్ తాళాలకే ఉంది.

అమ్మమ్మ ఫోన్లోనే తేల్చేసింది: సముద్రం ఒడ్డున గాలి సోకింది. బేగి ఊరికి తీసుకొచ్చేయమంది. తాయెత్తు వచ్చింది. బురుజుపేట అమ్మవారికి మొక్కుకున్నాం. హార్బర్ దగ్గర మూడు కొండలున్నాయి కదా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా. దర్గా కొండకి కూడా ఎక్కాం. ఇవన్నీ నేను ఎగతాళికి చెప్పడం లేదు. కొండ ఎక్కిన రోజు అమ్మ మొహంలో కాస్త వెలుగు కనిపించింది. నాకు చిరాకు తెప్పించింది దర్గా కాదు, అక్కడికి వెళ్తున్నట్టు ఎవరికీ తెలియకూడదని పడిన తాపత్రయం. ఆడపిల్ల, రేపు పెళ్ళి కావాలి, ఫిట్స్ అన్న మాట బయటికి పొక్కకూడదు.

గాజువాకలో మొదట చూపించిన డాక్టరు షుగరు, కాల్షియం, రక్తం పరీక్షలు చేయించి, రక్తం తక్కువగా ఉంది, ఉపవాసం, నీరసం, పడిపోయింది అన్నారు. ఐరన్ మాత్రలు. నిజంగానే రక్తం తక్కువగా ఉంది కాబట్టి ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. పరీక్షలు రాశాను. మళ్ళీ ఏమీ రాలేదు.

మే నెలలో నరసన్నపేటలో పెదమావయ్య కూతురి పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి. మన పెళ్ళిళ్ళ సంగతి తెలిసిందే, తలంబ్రాలయ్యేసరికి కోడి కూసింది. ఆరింటికి విడిదింట్లో కాఫీ పంచుతుంటే ట్రేతో సహా పడ్డాను. ఈసారి దాయడానికి వీల్లేదు, మగపెళ్ళివాళ్ళు చూశారు. మర్నాడే విశాఖ తీసుకొచ్చి పెద్ద ఆసుపత్రిలో చూపించారు.

పెద్ద ఆసుపత్రిలో ఎంఆర్ఐ తీశారు, నార్మల్. మెదడులో విద్యుత్తు అలల్ని గీతలుగా చూపించే ఈఈజీ తీశారు, అదీ నార్మల్. ఈఈజీ తీసింది మధ్యాహ్నం మూడింటికి, ముందు రోజంతా నేను పడుకుని లేచాక. అప్పట్లో అందులో వింతేమీ కనిపించలేదు. డాక్టరు నన్ను అడిగిన ప్రశ్నలు రెండే. ఎన్నిసార్లు పడిపోయావు? పడిపోయే ముందు ఏం చేస్తున్నావు? తర్వాత అమ్మని బయటికి పంపి, చదువంటే భయమా, ఇంట్లో గొడవలా, ఎవరైనా అబ్బాయా అని అడిగారు. లేదన్నాను. ఫైల్లో స్ట్రెస్ అని రాశారు. ఇంటికొచ్చాక అమ్మ నా పుస్తకాల అట్టలు విప్పి మరీ వెతికింది. పరీక్షలన్నీ నార్మల్ అని కాగితం చేతికొచ్చిన రోజు సంతోషించాలి కదా. మా ఇంట్లో ఆ రోజు నుంచే నన్ను అనుమానంగా చూడటం మొదలైంది. చెయ్యి ఎగిరిన ప్రతిసారీ "కావాలనే చేస్తోందేమో" అని చెల్లి అనడం, అమ్మ దాని నోరు మూయించడం, అయినా తను కూడా నా వైపు ఒక చూపు చూడటం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మెదడులో ఫిట్స్ తాలూకు విద్యుత్తు ఏమీ లేకుండానే ఒళ్ళు ఊగిపోయే జబ్బు నిజంగా ఉంది. ఫంక్షనల్ సీజర్స్ అంటారు. తర్వాతెప్పుడో ఒక న్యూరాలజీ క్లినిక్ బెంచీ మీద నా వయసు అమ్మాయి కలిసింది. తనకి కొన్నేళ్ళు ఫిట్స్ మాత్రలు మింగించాక, ఒక పక్క కెమెరా, ఒక పక్క ఈఈజీ పెట్టి ఎపిసోడ్ వచ్చేదాకా చూశారట. వీడియో ఈఈజీ అంటే అదే. ఒళ్ళు ఊగుతున్నప్పుడు కూడా మెదడు అలలు మామూలుగానే ఉన్నాయి. ఆ పిల్ల నటించడం లేదు. ఆ వణుకు తన చేతిలో లేదు, దానికి వైద్యం వేరు, మాటలతో చేసే థెరపీ. కాబట్టి స్ట్రెస్ అన్న మాట మీద నాకు కోపం లేదు. ఆ మాట తేల్చడానికి కూడా పరీక్ష ఉందని, ఒక్క నార్మల్ ఈఈజీ అందుకు చాలదని అప్పుడు ఎవరూ చెప్పకపోవడం మీదే నా కోపం.

జూన్‌లో వేరే ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ వణుకు సంగతి విని, రెండుసార్లు పడింది కాబట్టి ఫిట్సే అని కార్బమజెపిన్ మొదలుపెట్టారు. చాలా రకాల ఫిట్స్‌కి అది మంచి మందే, పాత మందే. నాకు మాత్రం వాడిన కొన్ని వారాలకి పొద్దుటి ఎగురుళ్ళు రెట్టింపయ్యాయి. అడిగితే డోసు పెంచారు.

నాన్న రిజిస్టరు మొదలుపెట్టింది అప్పుడే. ఈ కథలో అసలు మలుపు అదే గనక కాస్త వివరంగా చెప్తాను. ఫార్మా కంపెనీల్లో ఒక సూత్రం ఉంటుంది: రాయనిది జరగనట్టే లెక్క. రియాక్టర్ వేడి ఎంతుంది, ఎవరు చూశారు, ఎన్నింటికి చూశారు, అన్నీ లాగ్‌బుక్‌లో పడాలి. తప్పు రాస్తే వైట్‌నర్ పెట్టకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు ముందు చూసేది మిషన్లని కాదు, ఆ పుస్తకాన్ని. మందు మార్చారు, మార్చినప్పుడు రికార్డు ఉండొద్దా అని నాన్న ఒక పొడుగు నోటుపుస్తకం కొని స్కేలుతో గళ్ళు గీశారు. తేదీ, టైము, ఏ చెయ్యి, ఏం పడింది, ముందు రాత్రి నిద్ర ఎన్ని గంటలు, మాత్ర వేసుకున్నదా, రిమార్కులు, సంతకం. తను డ్యూటీలో ఉంటే అమ్మ రాయాలి, అమ్మ సంతకం పెట్టాలి. "ఇదేటండీ, పిల్లని బాయిలరు చేసేశారు" అని అమ్మ విసుక్కునేది గానీ రాసేది. అమ్మ రిమార్కుల గడిలో 'కొత్త గ్లాసు' అని ఉండేది.

నాకు అది చచ్చేంత అవమానంగా ఉండేది. పదిహేడేళ్ళ పిల్లకి బ్రష్షు జారినా రిజిస్టరులో పడటమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. "05:50, రెండు చేతులు, దువ్వెన, నిద్ర 4 గంటలు." కింద సంతకం. ఆగస్టు, సెప్టెంబరు నెలల పేజీలు తిప్పుతూ ఒక ఆదివారం నాన్న మెల్లగా అన్నారు, "ఇందులో సాయంత్రం ఎంట్రీ ఒక్కటీ లేదేంటి?" నిజమే. అన్నీ తెల్లారి అయిదుకీ ఎనిమిదికీ మధ్యనే. దసరా సెలవుల్లో నేను తొమ్మిదింటి దాకా పడుకున్న వారం పేజీ దాదాపు ఖాళీ. నాన్న వెనక్కి వెళ్ళి మొదటి అట్ట లోపల రెండు వరుసలు రాశారు: శివరాత్రి, జాగరం; పెళ్ళి, మూడింటి ముహూర్తం.

మూడోది అక్టోబర్ 12న హుద్‌హుద్. ఆ ఆదివారం తుపాను విశాఖ మీదే తీరం దాటింది. మా ఇంటి మీద రేకులు ఎగిరిపోయాయి, వంటగదిలోకి నీళ్ళు, కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఊళ్ళో నిలబడ్డ చెట్టు లేదు. నాన్న ప్లాంటులో ఇరుక్కుపోయారు. నేను, చెల్లి, అమ్మ ఆ రాత్రంతా మంచం మీద కూర్చునే ఉన్నాం. సోమవారం పొద్దున్న నీళ్ళ బిందె ఎత్తబోతే చేతులు వరసగా ఎగిరి, బిందె మీదే పడ్డాను. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి రోడ్డు మీద ఆటో నడిచే దారి లేదు. పాలు, నీళ్ళు, కొవ్వొత్తుల కోసం ఊరంతా లైన్లలో ఉంటే అమ్మ మందుల షాపు తెరిచారేమో చూడటానికి తిరిగింది. నాన్న ఇంటికి చేరగానే నా తల మీద కట్టు చూసి, తడిసిన ఆ పుస్తకం కోసం వెతికి, ఎంట్రీ రాసి సంతకం పెట్టారు. కరెంటు వచ్చేసరికి వారం పట్టింది. ఆ వారం పేజీలు మాత్రం నిండిపోయాయి.

నాన్న కంపెనీలో ఒకాయన చెప్పగా నవంబరులో మహారాణిపేటలో ఒక చిన్న క్లినిక్‌కి వెళ్ళాం. గవర్నమెంటు సర్వీసులో రిటైరైన డాక్టరమ్మ. బయట రెండు బెంచీలు, లోపల పాత టేబుల్ ఫ్యాను. మా స్కానుల కవరు తీసి ఇవ్వబోతే, ఆగండి, తర్వాత చూద్దాం అని పక్కన పెట్టారు. నన్ను అడిగారు, "పొద్దున్న లేచాక కాఫీ గ్లాసు ఎప్పుడైనా చేతిలోంచి ఎగిరిపోతుందా?"

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

తర్వాత ఆవిడ లేచి నిలబడి, అరవయ్యేళ్ళ మనిషి, రెండు భుజాలూ ఒక్కసారి ఉలికిపడేలా ఎగరేసి, "ఇలాగేనా?" అన్నారు. అచ్చం అలాగే. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. అన్ని నెలల్లో నా ఒంట్లో జరిగేదాన్ని ఇంకొకరు చేసి చూపించడం అదే మొదటిసారి. నాన్న పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ప్రతి పేజీ చదివారు. మధ్యలో తలెత్తి, "గీత కొట్టి సంతకాలు కూడానా? ఎక్కడండీ పనిచేసేది?" అన్నారు.

కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే అమ్మ లేదంది. డాక్టరమ్మ ఇంకోసారి అడగలేదు, ఊరికే ఆగారు. కాసేపటికి అమ్మే చెప్పింది, చిన్నమావయ్య చదువుకునే రోజుల్లో పొద్దున్న పూట పడిపోయేవాడని, బావి గట్టు మీద పడ్డాక చదువు మానిపించేశారని. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆ మాట నాన్న వినడం అదే మొదలు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇంటికెళ్ళాక మాట్లాడుకున్నారు, నేను విననట్టు పడుకున్నాను.

ఈఈజీ మళ్ళీ తీయాలన్నారు. ఈసారి రాత్రంతా నిద్రపోకుండా, పొద్దున్నే. తలకి నూనె రాయొద్దు, షాంపూతో తలస్నానం చేసి రావాలి, మాత్ర మానొద్దు. అంటే డాక్టరు రాసిచ్చిన జాగరం. ఈ దేవుడు లేని జాగరానికి మా ఇల్లంతా ముస్తాబైంది. నాన్న సెలవు పెట్టారు. ఇంట్లో పడితే దెబ్బ తగలకుండా బల్లల మూలలకి దుప్పట్లు కట్టారు. పదింటికి అష్టాచెమ్మా, పన్నెండింటికి పేకాట, అమ్మ మిర్చి బజ్జీలు. చెల్లి ఒంటిగంటకి చేతులెత్తేసింది. రెండింటికి నాన్నా నేనూ కాలనీలో నడవడానికి బయల్దేరాం. హుద్‌హుద్‌కి చెట్లన్నీ పోవడంతో వీధి చివర నుంచి చివరికి కనపడేది. కుక్కలు మా వెంటపడ్డాయి. ఆ రాత్రి నాన్న తన ఇంటర్ ఫెయిలైన సంగతి మొదటిసారి చెప్పారు, లెక్కల్లో పోయిందట. నాలుగింటికి నిద్ర ఆపుకోలేక నేను గోడకి ఆనుకుంటే చెంబుతో నీళ్ళు తెచ్చి మొహాన కొట్టారు. ఆ జబ్బు తాలూకు మొత్తం కాలంలో నాకు సంతోషంగా గుర్తున్న రాత్రి అదొక్కటే.

ల్యాబు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లో. టెక్నీషియన్ టేపుతో నా తల కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, జిగట పేస్టుతో తీగలు అంటించారు. ఆ పేస్టు రెండు తలస్నానాలకి గానీ వదలదు. కళ్ళు మూసుకో, తెరువు. మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదులు. మొహం మీద దీపం వేగంగా వెలిగి ఆరుతూ ఉంటుంది. తర్వాత పడుకోమంటే ఆ మాట పూర్తి కాకముందే నిద్రపోయాను. కాసేపాగి లేపారు. లేవగానే భుజాలు ఎగిరాయి. మానిటర్ వైపు చూస్తున్న ఆవిడ మొహం మారింది. ఏమైందని అడిగితే ల్యాబులో అందరూ చెప్పే మాటే చెప్పారు: రిపోర్టు డాక్టరుగారే చెప్తారమ్మా.

జబ్బు పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, ఒక రకం మూర్ఛ. డాక్టరమ్మ స్క్రీన్ మీద నా మెదడు గీతలు చూపించారు. మామూలుగా పారుతున్న అలల మధ్యలో, రెండు పక్కలా ఒకేసారి, గుత్తులుగా సూదిమొనలు, వాటి వెనక ఒక పెద్ద అల, సెకనుకి నాలుగు నుంచి ఆరుసార్లు. చెయ్యి ఎగిరిన క్షణం అదే. ఇది కౌమారంలో మొదలవుతుంది. నిద్ర లేచిన గంటా రెండు గంటల్లో చేతులు ఉలికిపడతాయి, నిద్ర తక్కువైతే పెద్ద ఫిట్స్‌గా మారుతుంది. మెదడు ఆకారంలో లోపం ఏమీ ఉండదు, అందుకే ఎంఆర్ఐ శుభ్రంగా ఉంటుంది. మధ్యాహ్నం తీసిన ఈఈజీ కూడా శుభ్రంగా ఉండొచ్చు. పుట్టుకతో వచ్చే మొగ్గు కొంత ఉంటుంది, మావయ్య సంగతి అందుకే అడిగారు. జర్మన్ డాక్టరు డీటర్ జాంజ్ 1957లోనే దీన్ని వివరంగా రాశారు. అరుదైన జబ్బేమీ కాదు. కానీ గ్లాసు పడిందని ఏ పేషెంటూ తనంతట తను చెప్పరు, పడిపోయామనే చెప్తారు. డాక్టరు అడిగితే తప్ప బయటికి రాదు.

కార్బమజెపిన్ ఈ రకం ఎగురుళ్ళని పెంచగలదని కూడా అప్పుడే తెలిసింది. నాన్న పుస్తకంలో అది ముందే ఉంది, జూన్ నుంచి ఎంట్రీలు దట్టమవుతూ.

మందు ఎంచడానికి ఆవిడ చాలాసేపు తీసుకున్నారు. ఈ జబ్బుకి బాగా పనిచేసే పాత మందు వాల్‌ప్రోయేట్. మగపిల్లాడైతే అదే రాసేదాన్ని అన్నారు. కానీ కడుపుతో ఉన్నప్పుడు తీసుకుంటే బిడ్డకి వెన్నెముక లోపాలు వచ్చే ప్రమాదం, తర్వాత తెలివితేటల మీద ప్రభావం ఉంటాయి, అందుకని ఆడపిల్లలకి వీలైనంతవరకు వద్దు. పదిహేడేళ్ళ నాకు ఎదురుగా కూర్చోబెట్టి, నాకే చెప్పారు, అమ్మకి కాదు. లెవెటిరాసిటామ్ మొదలుపెట్టి కార్బమజెపిన్ మెల్లమెల్లగా తీసేశారు. ఏ ఫిట్స్ మాత్రా ఒక్కసారిగా ఆపకూడదు. కొత్త మందుకి నాకు ముక్కు మీద కోపం వచ్చింది. మాటలవరసకి చెప్పడం లేదు, చిరాకు దాని దుష్ఫలితాల్లో ఒకటి. చెల్లి మీద టీవీ రిమోటు విసిరేశాక డోసు సర్దారు, కొన్ని వారాల్లో తగ్గింది. సంక్రాంతి నాటికి పుస్తకంలో రోజులకి రోజులు ఖాళీ. నాన్న ఖాళీ గడుల్లో అడ్డగీత కొట్టి 'నిల్' అని రాసేవారు. ఖాళీగా వదిలేస్తే ఆడిటరు ఒప్పుకోడట.

మందు సగం పని, మిగతా సగం నిద్ర. డాక్టరమ్మ కాలేజీకి ఉత్తరం రాసిచ్చారు: రాత్రి స్టడీ అవర్ నుంచి మినహాయింపు, రోజుకి ఎనిమిది గంటల నిద్ర తప్పనిసరి. కాలేజీలో ఆ ఉత్తరం చదివినాయన, "ఎనిమిది గంటలు పడుకుంటే ర్యాంకు ఎవరు తెస్తారమ్మా?" అన్నారు. నాన్న గొడవపడలేదు. ఈ మాట రాసి సంతకం పెట్టి ఇవ్వమని కాగితం ముందుకి జరిపారు. మినహాయింపు వచ్చింది. తొమ్మిదిన్నరకి పడుకుని ఆరున్నరకి లేచి సెకండియర్ రాశాను. ర్యాంకు గొప్పగా రాలేదు, సీటు వచ్చింది. ఆ బ్యాచ్‌లో నాలాగా గ్లాసులు ఎగరేస్తూ, పట్టులేని చేతులనుకుని తిట్లు తింటూ బతుకుతున్నవాళ్ళు ఇంకెందరున్నారో అని ఇప్పటికీ అనిపిస్తుంది. కాలేజీ వాళ్ళకి ఆ ప్రశ్న తట్టే అవకాశం లేదు.

పెళ్ళి సంగతి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛవ్యాధి ఉన్నవాళ్ళు పెళ్ళికి అర్హులు కారన్న మాట ఉండేది. 1999లో సవరణ చేసి దాన్ని తీసేశారు. చట్టం మారిన సంగతి మా బంధువులకి ఇంకా చేరలేదు. నేను మాత్రం సంబంధం మాట్లాడేటప్పుడు మొదటి ఫోన్లోనే చెప్పేయమన్నాను. కొన్ని ఫోన్లు అక్కడితో ఆగాయి. ఆగని ఫోను ఒకటి ఉంది, ఆయన అడిగిన మొదటి ప్రశ్న రాత్రి ఎన్నింటికి పడుకుంటావు అని.

ఇప్పుడు రుషికొండలో ఉద్యోగం. మాత్రలు ఇంకా వాడుతున్నాను. ఈ రకంలో మందు ఆపేస్తే చాలామందికి తిరగబెడుతుంది, కాబట్టి ఆపే ఆలోచన నేనూ డాక్టరూ ఇద్దరం చేయలేదు. నైట్ షిఫ్టు ఉన్న ప్రాజెక్టు ఇస్తే మెడికల్ లెటర్ పెట్టి మార్పించుకున్నాను, దాంతో పాటు నైట్ అలవెన్సూ పోయింది. బండి మాత్రం నేర్చుకోలేదు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తుతో పాటు ఇచ్చే డిక్లరేషన్ ఫారంలో మూర్ఛ ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఎన్నేళ్ళుగా రాకపోయినా నేను 'అవును' అనే రాయాలి, రాస్తే లైసెన్సు రాదు. 'కాదు' అని రాసి తెచ్చుకున్నవాళ్ళు నాకు తెలుసు, నాకూ అలాగే సలహా ఇచ్చారు. సంతకం పెట్టాల్సిన కాగితం మీద అలా రాయడం మా ఇంట్లో కుదరదు. ఆఫీసుకి బస్సులో వెళ్తాను, పొద్దున్న ఏడూ నలభైకి మద్దిలపాలెంలో ఎక్కితే సీటు దొరుకుతుంది.